ఎడమ చివరి మనిషి

భూతద్దంగారికి ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. హాజరు పట్టీలో సంతకం పెట్టేటప్పుడు తప్ప దానితో ఆయనకెప్పుడూ పనిపడలేదు. మ్యూజియంలో తోటమాలి దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆయన భూతద్దంగారే. మెడలో నల్లతాడుకి వేలాడే ఆ అద్దాన్ని స్నానానికి వెళ్లేటప్పుడైనా తీస్తారా అని ఎవరో అడిగితే, "తీస్తారు, తీసి సబ్బుపెట్టెలో పెట్టుకుంటారు" అని ఆయన భార్యే చెప్పింది. కథలో మాటిమాటికీ గారు తగిలిస్తే నడక సాగదు కాబట్టి మనం భూతద్దం అనే అందాం. ఆయన ఏమీ అనుకోడు. అనుకున్నా ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నాడు.

ఆయన ఉద్యోగం మ్యూజియం కింది అంతస్తులో, ఫోటోల గదిలో. ఎనభై ఏళ్ల కిందటి యుద్ధం ఫోటోలు అక్కడ అట్టపెట్టెల నిండా ఉన్నాయి. వాటి వెనక పేరుండదు, ఊరుండదు, తేదీ ఉండదు. అందులో ఉన్నవాళ్లు ఏ దళంవాళ్లో తేల్చి చెప్పడం ఆయన పని. అందులోనూ ఆయనకి ప్రాణం సైకిలు దళాలంటే. ఆ యుద్ధంలో లారీలకి పెట్రోలు దొరక్క, గుర్రాలకి గడ్డి దొరక్క, సైనికుల్ని సైకిళ్లెక్కించి పంపారు. అలాంటి దళాలు ఆరు. ఫోటో ముందు పెడితే చాలు, భూతద్దం కన్ను చికిలించి, అద్దం అటూ ఇటూ జరిపి, ఊపిరి బిగబట్టి చెప్పేసేవాడు. రెండో దళంవాళ్లు దుప్పటి చుట్టి హ్యాండిలుకి కడతారు. నాలుగో దళంవాళ్లు క్యారియరుకి కడతారు. ఐదో దళంవాళ్ల గాలిపంపు సీటు కింద ఉంటుంది. మూడో దళానికైతే వెనక మడ్‌గార్డు మీద మూడు తెల్ల గీతలు. ఇవన్నీ ఆయనకి తన సొంత బంధువుల పుట్టుమచ్చల్లా గుర్తు.

ఇంత తెలిసిన మనిషికి సైకిలు తొక్కడం మాత్రం రాదు. మామగారి సైకిలు షాపుని సొంతంగా నడిపే భార్య ఇంట్లో ఉండి కూడా రాదు. పెళ్లయిన కొత్తలో ఆవిడ నేర్పబోయింది. మూడోరోజున ఆయన వెళ్లి నీళ్లట్యాంకు లారీని గుద్దుకున్నాడు. ఆగి ఉన్న లారీని. ఆ సాయంత్రమే, సైకిలుని చూడటం వేరు, ఎక్కడం వేరు, నాకు చూడటం చాలు అని తీర్మానించుకున్నాడు. ఆవిడ కూడా మళ్లీ బలవంతపెట్టలేదు, బండికి దెబ్బలు తగులుతాయని.

భూతద్దం జీవితంలో రెండు గొప్ప విజయాలున్నాయి. రెండూ ఒకే ఫోటోలోంచి వచ్చాయి.

ముప్పై ఏళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే, పగుళ్లుపడ్డ పెట్టెలో ఒక గాజు పలక దొరికింది. అప్పట్లో చాలామంది ఫోటోలు ఫిల్ము మీద కాదు, గాజు పలకల మీదే తీసేవాళ్లు. దాన్నుంచి ఆయనే స్వయంగా, నోటు పుస్తకం కాగితమంత ఫోటో వేశాడు. బడి గోడ ముందు పన్నెండుమంది సైనికులు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి ముందూ ఒక సైకిలు అడ్డంగా ఉంది. మడ్‌గార్డుల మీద, పాత రికార్డుల్లో రాసి ఉన్నట్టే, మూడేసి గీతలు. మూడో దళం! అప్పటిదాకా ఆ దళం ఫోటో ఒక్కటీ ఎవరికీ దొరకలేదు. పైగా అందులో ఒక వింత కనిపించింది. మిగతా దళాల్లో ప్రతివాడూ తుపాకీ కుడి భుజానికి తగిలించుకుంటే, వీళ్లు పన్నెండుమందీ ఎడమ భుజానికి తగిలించుకున్నారు. భూతద్దం ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత ఏడాదిపాటు కోడిగుడ్డుకి ఈకలు పీకి, 'ఎడమ భుజం దళం' అని పదిహేను పేజీల వ్యాసం రాశాడు. ఆ దళాధిపతి ఎడమచేతివాటం మనిషి అయి ఉంటాడనీ, పట్టుదల ఎక్కువనీ, బహుశా చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిని ఉంటాడనీ అందులో ఉంది. చదివినవాళ్లు శభాష్ అన్నారు. చదవనివాళ్లు ఇంకా గట్టిగా అన్నారు.

రెండో విజయం మామ్మగారు.

అప్పటికి మామ్మ కాదు, యాభై ఏళ్ల మనిషి. ఊలుతో టోపీలూ స్వెటర్లూ అల్లి అమ్ముకునేది. మూడో దళం ఫోటో దొరికిందని పేపర్లో చూసి, ఒక పాత ఉత్తరం చేతిసంచిలో పెట్టుకుని వచ్చింది. ఆవిడ తల్లి కడుపులో ఉండగా తండ్రి యుద్ధం నుంచి రాసిన ఉత్తరం అది. "బడి గోడ ముందు ఫోటో దిగాం. పన్నెండుమందిమి. వేరే కవరులో పంపుతున్నాను. ఎదురుగా పెట్టుకుని చూస్తే నీ ఎడమచేతి వైపు చివర ఉన్నవాణ్ణి నేను. మీ చెల్లెలికి చూపించి వీడే మీ బావ అని చెప్పు. పుట్టబోయేవాళ్లకి కూడా చెప్పు." ఉత్తరం అందింది, ఫోటో అందలేదు. రెండు నెలలకి మనిషి కూడా లేడని కబురొచ్చింది. ఏడాదిన్నర తిరక్కుండా తల్లీ పోయింది. పెంచిన పిన్ని, బావ మొహం ఎన్నడూ చూసి ఎరగదు. యుద్ధం హడావుడిలో పరాయి ఊళ్లో జరిగిన పెళ్లి అది, అటువైపు చుట్టాలెవరో కూడా పిన్నికి తెలియదు. అందుకని తండ్రి ఎలా ఉంటాడో చెప్పగలిగేవాళ్లు ఆవిడకి ఈ లోకంలో ఒక్కరూ లేకపోయారు.

భూతద్దం ఫోటో బల్లమీద పెట్టి, ఎడమ చివర వేలు పెట్టి చూపించాడు. అబ్బ, ఏం మనిషి! ఆరడుగుల పొడవు, కోర మీసం, గోడకి చేరగిలి ఫోటోగ్రాఫరుకి ఏదో సాయం చేస్తున్నట్టు నిలబడ్డాడు. "ఈయనే అమ్మా మీ నాన్నగారు" అన్నాడు. ఆవిడ చాలాసేపు చూసి, ఇంత అందగాడా అని మాత్రం అంది. ఆ ముక్కని పెద్దది చేయించి తన గదిలో పెట్టుకుంది. అప్పట్నుంచి ఏటా ఒకసారి వస్తుంది. వచ్చినప్పుడల్లా భూతద్దానికి ఒక ఊలు టోపీ తెస్తుంది, కింది అంతస్తు చల్లగా ఉంటుందని. తనూ ఒకటి కనుబొమల దాకా, మెడ దాకా లాక్కుని ఉంటుంది, ఎండాకాలంలో కూడా. చలి మనిషి అనుకున్నాడు భూతద్దం. అంతకుమించి ఆలోచించలేదు. ఆవిణ్ణి అద్దం పెట్టి చూడవలసిన అవసరం ఏముంది?

ఇప్పుడు ఆవిడకి ఎనభై ఒకటి. భూతద్దానికి పదవీ విరమణ దగ్గరపడింది. ఆయన్ని గౌరవించినట్టూ ఉంటుంది, గది ఖాళీ చేయించినట్టూ ఉంటుంది అని డైరెక్టరు ఒక ప్రదర్శన పెట్టించాడు. సైకిలు దళాలు, ఆరింటికి ఆరూ. శుక్రవారం మొదలు. గుమ్మం పక్క గోడ పొడుగునా మనిషెత్తు పోస్టరు, ఆ మూడో దళం ఫోటోదే. గురువారం మామ్మగారు వచ్చి అందరికన్నా ముందు చూసుకోవాలని ఏర్పాటు. "మా నాన్న పక్కన నిలబడతాను, నిజం సైజులో" అని ఫోన్లో నవ్వింది కూడా.

మంగళవారం సాయంత్రం పోస్టరు అచ్చయి వచ్చింది. మామ్మగారికిచ్చిన ఆ ముక్క తప్ప, ఫోటోల గదిలోంచి ఒక్క ఫోటో కూడా గడప దాటకూడదని భూతద్దం తనకి తాను పెట్టుకున్న రూలు. ముప్పై ఏళ్లుగా ఇంటికి ఒక్క కాగితం తీసుకెళ్లలేదు. మ్యూజియం తెరిచి ఉన్న రోజుల్లో సైకిలు షాపు కూడా తెరిచే ఉంటుంది, మూసిన రోజున రెండూ మూసే ఉంటాయి. అందుకని ఆయన భార్య ఆ ఫోటోని ఇంతవరకూ చూడనే లేదు. దాని గురించి వినడం మాత్రం బాగా విన్నది. కానీ పోస్టరు ఫోటో కాదు కదా, పోస్టరు. చుట్ట చుట్టి, పాత పేపరు చుట్టి, చంకలో పెట్టుకుని తిన్నగా షాపుకి వెళ్లాడు.

షాపుకొచ్చేవాళ్లు ఆవిణ్ణి షాపక్క అంటారు, వాళ్లకి డెబ్భై ఏళ్లున్నా సరే. వెళ్లేసరికి ఒక సైకిలుని తలకిందులుగా నిలబెట్టి చైను బిగిస్తోంది. పక్కన పంక్చరు నీళ్ల బేసిన్, గ్రీజు డబ్బా. భూతద్దం టైర్లు తగిలించే మేకుల్లో ఒక వరసంతా ఖాళీ చేసి, పోస్టరు వేలాడదీసి, పక్కకి తప్పుకుని నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

షాపక్క చేతులు గుడ్డకి తుడుచుకుంటూ లేచింది. నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. ఎవరైనా మొహాలు చూస్తారు. ఈ ముప్పై ఏళ్లలో ఆ ఫోటో చూసినవాళ్లంతా మొహాలే చూశారు. ఆవిడ మాత్రం చక్రాల దగ్గర మొదలుపెట్టింది.

"ఏవండీ, వీళ్లకి ఈ బళ్లు ఎవరు బిగించిచ్చారండీ?"

"ఏం?"

"పన్నెండింటికి పన్నెండూ చైను ఎడమ పక్కన పెట్టాడు. ఒకదానికంటే పోనీలే, నిద్రమత్తులో పెట్టాడనుకోవచ్చు."

భూతద్దం మొహం వెలిగిపోయింది. మీరు నమ్మరు గానీ నిజంగానే వెలిగింది. "చూశావా! ఎడమ భుజం దళం అని నేను మొత్తుకోలేదూ? తుపాకీ ఎడమ, చైను కూడా ఎడమ! అంటే దళాధిపతి సైకిళ్లు కూడా ప్రత్యేకంగా చేయించాడన్నమాట. నాకిన్నాళ్లూ తట్టనే లేదు. వ్యాసానికి పదహారో పేజీ రాయాలి."

"రాద్దురుగాని. ముందు ఇలా కూర్చోండి."

స్టూలు లాగి ఆయన్ని తలకిందుల సైకిలు ముందు కూర్చోబెట్టింది. "ఇదిగో, వెనక చక్రం దగ్గర చైను తిరిగే ఈ పళ్ల బిళ్లే ఫ్రీవీలు. దీని మర, మనం తొక్కేకొద్దీ బిగుసుకునేలా ఉంటుంది. ఎందుకంటే ఇది కుడి పక్కన ఉంది కాబట్టి. ఇదే ఎడమ పక్క పెట్టారనుకోండి, తొక్కేకొద్దీ ఊడొస్తుంది. ఆ బండి యుద్ధానికి కాదు కదా, కూరలు తేవడానికి కూడా పనికిరాదు. ప్రపంచంలో ఏ సైకిలుకైనా చైను కుడి పక్కనే."

"వీళ్లది ప్రత్యేకమైన..."

"ప్రత్యేకం లేదు, పాడూ లేదు. మీరు లారీని గుద్దిన బండికి కూడా కుడి పక్కనే ఉండేది."

భూతద్దం ఏదో అనబోయి ఊరుకున్నాడు. లారీ మాటొస్తే ఆయన ఎప్పుడూ ఊరుకుంటాడు.

షాపక్క గోడకున్న అరలోంచి మోపెడ్‌కి బిగించే అద్దం ఒకటి తీసింది. ఆయన్ని పోస్టరు వైపు వీపు పెట్టి నిలబెట్టి, అద్దం చేతికిచ్చింది. "ఇందులో చూడండి."

అద్దంలో బడి గోడ కనిపించింది. పన్నెండుమందీ తుపాకులు కుడి భుజాలకి తగిలించుకుని, మిగతా ఐదు దళాలవాళ్లలాగే బుద్ధిగా నిలబడి ఉన్నారు. చైన్లన్నీ కుడివైపుకి వచ్చేశాయి. పట్టుదల గల ఎడమచేతివాటం దళాధిపతి గాలిలో కలిసిపోయాడు.

"బళ్లు సరిగ్గానే ఉన్నాయండీ. బొమ్మే తిరగబడింది" అంది షాపక్క. అని పకపకా నవ్వింది. "ముప్పై ఏళ్లు, పదిహేను పేజీలు! ఎంత పని చేశారండీ! పప్పులో కాలెయ్యడం కాదు, గిన్నెలోకే దిగిపోయారు!"

ఆయన నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. అద్దాన్ని కొద్దిగా జరిపి ఎడమ చివరికి తెచ్చాడు. కోర మీసం అందగాడు అక్కడ లేడు. అటు చివరికి వెళ్లిపోయాడు. ఆ చోట్లో ఒక పొట్టివాడున్నాడు. హ్యాండిలు అతని రొమ్ము దాకా వచ్చింది. టోపీ చెవుల మీద ఆగింది, లేకపోతే కళ్లమీదికి జారేదే. చెవులా అవి! వీధిలోకి తెరిచిన కిటికీ రెక్కల్లా రెండు పక్కలా నిలబడి ఉన్నాయి. పన్నెండుమందిలో పళ్లు కనపడేలా నవ్వుతున్నవాడు అతనొక్కడే.

భూతద్దం స్టూలు మీద కూలబడ్డాడు. "నేను మామ్మగారికి తండ్రిని మార్చేశానే" అన్నాడు.

షాపక్క నవ్వు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి గాజు పలక తీసి దీపం పెట్టిన బల్లమీద పెట్టాడు. అనుమానమేమైనా ఉంటే అది కూడా పోయింది. ఫోటో వేసేటప్పుడు పలకలో బొమ్మ పడిన పూత ఉన్న వైపు కిందికి, మెరిసే వైపు పైకి రావాలి. మ్యూజియంలో అప్పుడు రిటైరైపోతున్న పాత ఫోటోగ్రాఫరు ఆ మాట పదిసార్లు చెప్పాడు. పదకొండోసారి అడిగితే చులకనైపోతానని భూతద్దం అడగలేదు. తనకొచ్చన్న ధీమాతో పెట్టేశాడు, తలకిందులుగా కాదు, వెనకా ముందుగా. చొక్కా బొత్తాలు చూస్తే తెలిసిపోవలసిందే, కానీ అవి అడ్డంగా వేసుకున్న దుప్పటి చుట్టల కింద దాక్కున్నాయి. చైను చూస్తే తెలిసేదే, కానీ చైను చూడాలని ఆయనకి తట్టలేదు. తప్పు చేసిందీ తనే, ఆ తప్పు మీద పదిహేను పేజీలు రాసిందీ తనే. ఇతరుల తప్పులైతే ఒక్కటి వదిలేవాడు కాదు.

వ్యాసం పోతే పోయింది. నలుగురు నవ్వుతారు, నవ్వనీ. ఆయన్ని తొలిచేస్తున్నది అది కాదు. ముప్పై ఏళ్లుగా ఆవిడ ఆ బొమ్మతో మాట్లాడుతోంది. కూతురికి పెళ్లి కుదిరితే ఆ బొమ్మకే ముందు చెప్పింది. భర్త పోయినప్పుడు దాని ముందే కూర్చుని ఏడ్చింది. ఇవన్నీ ఏటా వచ్చి ఆయనతో చెప్పినవే. ఎనభై ఒక్క ఏళ్ల మనిషి దగ్గరికెళ్లి, అమ్మా, మీరు మాట్లాడిన మనిషి మీకేమీ కాడు అని ఎలా చెప్పడం? చెప్పి, ఆ ఆరడుగుల వాణ్ణి తీసేసుకుని, బదులుగా ఈ చెవులవాణ్ణి చేతిలో పెట్టడమా?

మధ్యాహ్నానికి ఆయన బుర్ర పిచ్చిదారులు పట్టింది. పోస్టరు కింది సగం కత్తిరించేస్తే చైన్లు కనపడవు కదా అనుకున్నాడు. సైకిలు దళాల ప్రదర్శన, సైకిళ్లు లేకుండా. తనకే సిగ్గేసింది. పోనీ పోస్టరు పాడైందని చెప్పి ఇంకో దళం ఫోటో పెట్టిస్తే? పోనీ తను జ్వరమని పడుకుంటే?

సాయంత్రం భోజనం దగ్గర కూడా ముద్ద దిగలేదు. "చెప్పకపోతే ఏమవుతుంది? ఆవిడ సంతోషంగా ఉంది. ఇంకెన్నాళ్లుంటుంది పాపం" అన్నాడు.

షాపక్క తన కంచం పక్కకి జరిపింది. తర్వాత అంది, "ఆవిడ సంతోషంగానే ఉంది. మరి ఆ అటు చివరాయన సంగతేంటి? పుట్టబోయేవాళ్లకి నన్ను చూపించు అని రాసిపెట్టి, నవ్వుతూ నిలబడ్డాడండీ. ఆవిడ ముప్పై ఏళ్లుగా ఆయన ముందునుంచే వెళ్లి ఇంకొకడితో మాట్లాడుతోంది. ఆయనకెలా ఉంటుందో మీరే చెప్పండి."

భూతద్దం లేచి చెయ్యి కడుక్కుని, ఫోటో వేసే కాగితాలు గదిలో ఉన్నాయో లేదో గుర్తుచేసుకుంటూ నిలబడ్డాడు.

గురువారం తొమ్మిదింటికల్లా కొత్త ఫోటో వేశాడు. పూత కిందికి, మెరుపు పైకి. నాలుగుసార్లు తనిఖీ చేసుకున్నాడు. పదకొండింటికి మామ్మగారు మెట్లు ఒక్కొక్కటే దిగి వచ్చింది. మామూలుగానే టోపీ కనుబొమల దాకా ఉంది. చేతిలో ఇంకో టోపీ, ఆకుపచ్చది, ఆయనకి.

"ఏదీ బాబూ పోస్టరు? అదేంటి, మొహం అలా పెట్టావు? బాగా రాలేదా?"

"వచ్చిందమ్మా. బాగా వచ్చింది. అసలు... మీరు ముందు కూర్చోండి. మంచినీళ్లు తాగుతారా?"

"నీళ్లు నువ్వే నములుతున్నట్టున్నావు. సంగతి చెప్పు."

చెప్పాడు. పక్కదారులు పట్టకుండా, పాత ఫోటోగ్రాఫరు మీదికి నెట్టకుండా, అంతా చెప్పాడు. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టాడు. చైను చూపించాడు. ఇది నేను కనిపెట్టింది కాదు, మా ఆవిడ కనిపెట్టింది అని కూడా చెప్పాడు. చివరికి, "తప్పు పూర్తిగా నాదేనమ్మా" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మామ్మగారు సంచిలోంచి ఉత్తరం తీసింది, విప్పకుండానే మళ్లీ పెట్టేసింది. ఆ ఉత్తరంలో ప్రతి ముక్కా ఆవిడకి కంఠతా వచ్చు.

"అయితే ఇన్నాళ్లూ నేను ఎవరితో మాట్లాడాను బాబూ?"

"తెలీదమ్మా. మూడో దళంలో ఎవరో."

"మా అమ్మాయికి కాన్పు కష్టమైనప్పుడు, నాన్నా కాపాడు అని ఎవరో పరాయివాడి కాళ్లు పట్టుకున్నానా?" ఆవిడ పాత ఫోటోని అవతలికి తోసింది. అది దుఃఖమో కోపమో ఆయనకి తెలియలేదు. రెండూ అయి ఉండాలి. "నువ్వు పెద్ద పేరున్నవాడివి కదయ్యా! నువ్వు వేలు పెట్టి చూపిస్తే నేను నమ్మానయ్యా!"

భూతద్దం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత వయసొచ్చాక ఆఫీసులో ఏడుస్తాననుకోలేదు. మెడలోంచి తాడు తీసి, తన భూతద్దాన్ని ఆవిడ చేతిలో పెట్టాడు. డైరెక్టరు అడిగినా ఇవ్వని వస్తువది. "ఈసారి నేను చూపించనమ్మా. మీరే చూసుకోండి" అన్నాడు.

ఆవిడ కొత్త ఫోటో మీదికి వంగింది. అద్దాన్ని ఎడమ చివర పెట్టింది. ముందుకీ వెనక్కీ జరిపి ఒకచోట ఆపింది. ఒక నిమిషం గడిచింది, రెండు గడిచాయి. ఆవిడ తల ఎత్తలేదు. స్పృహ తప్పిందేమోనని భూతద్దం భయపడ్డాడు కూడా.

అప్పుడు ఆవిడ ఎడమచెయ్యి మెల్లిగా పైకి లేచింది. నెత్తిమీది టోపీ పట్టుకుని లాగేసింది.

ముప్పై ఏళ్ల పరిచయంలో భూతద్దం ఆవిడ చెవులు ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. చూసి, ఫోటో వైపు చూశాడు, మళ్లీ ఆవిడ వైపు చూశాడు. దానికి అద్దం అక్కర్లేదు. గుమ్మంలోంచి చూసినా తెలిసేలా ఉంది.

"బడిలో నన్ను జల్లెడ అనీ చేట అనీ ఏడిపించేవాళ్లు" అంది మామ్మగారు. "మా పిన్ని నాకు తలదువ్వుతూ, ఈ చెవులు మా వాళ్లలో ఎవరివీ కావే, ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నావే అనేది. మా నాన్నవేమో అనుకునేదాన్ని. తర్వాత నువ్వు ఆ మీసాలాయన్ని చూపించావు. ఆయనవీ కావు. ఇంక ఎవరివో తెలియలేదు. అల్లడం వచ్చు కాబట్టి కప్పేసుకున్నాను."

"నాకు తెలీదమ్మా. చలికనుకున్నాను."

"ఎండాకాలంలో చలేంటయ్యా?" అంది. కళ్లు తుడుచుకుంటూనే ఆవిడ నవ్వింది. పళ్లు కనపడేలా నవ్వింది, అచ్చం ఆ చివర ఉన్నవాడి నవ్వే. "నిజం చెప్పనా? ఆయన మా నాన్నంటే నాకెప్పుడూ కొంచెం మొహమాటంగానే ఉండేది. అంత అందగాడితో ఇంట్లో సంగతులు చెప్పాలంటే ముందు చీర సవరించుకునేదాన్ని. ఈయనతో ఆ బాధ లేదు."

ఈయన బొమ్మ పెద్దది చేసి ఇస్తానన్నాడు భూతద్దం. పాతది వెనక్కి తెచ్చిచ్చేయండమ్మా అని కూడా అనేశాడు.

"ఎందుకిస్తాను? ముప్పై ఏళ్లు విసుక్కోకుండా నా గోలంతా విన్నాడు. ఇప్పుడు నువ్వు మా నాన్నవి కావు పొమ్మంటానా? పక్కనే ఉంటాడు. ఆయన తాలూకు వాళ్లెవరైనా వెతుక్కుంటూ వస్తే, మా ఇంట్లో ఉన్నాడని చెప్పు. బాగానే చూసుకున్నానని చెప్పు."

అని లేచి, ఆకుపచ్చ టోపీ ఆయన చేతిలో పెట్టి, తన టోపీ సంచిలో వేసుకుని మెట్లెక్కింది.

శుక్రవారం ప్రదర్శన మొదలైంది. పోస్టరు మళ్లీ అచ్చు వేయించారు. రాత్రికి రాత్రి ఎందుకింత హడావుడి అని డైరెక్టరు అడిగితే, భూతద్దం చైను దగ్గర మొదలుపెట్టి ఫ్రీవీలు మర దాకా అన్నీ వివరంగా చెప్పాడు. సగంలోనే డైరెక్టరు సంతకం పెట్టేశాడు. 'ఎడమ భుజం దళం' వ్యాసాన్ని కూడా గాజుపెట్టెలో పెట్టారు. దాని పక్కన, "ఇందులో ఉన్నదంతా తప్పు. కారణం ఈ వ్యాసం రాసినవాడే" అని ఒక చీటీ ఉంది. అది భూతద్దం చేతిరాతే. అన్నిటికన్నా ఎక్కువమంది ఆగి చదివింది ఆ చీటీనే. షాపక్క జీవితంలో మొదటిసారి పనిరోజున షాపు మూసి వచ్చింది. వచ్చి, పోస్టరులోని పన్నెండు చైన్లూ పేరుపేరునా చూసుకుని, సరిగ్గా ఉన్నాయని సర్టిఫికెట్ ఇచ్చింది.

మామ్మగారు మాత్రం పోస్టరు ఎడమ చివర, ఒక పక్కగా, ఏమీ ఎరగనట్టు నిలబడింది. జుట్టు గట్టిగా వెనక్కి దువ్వి పిన్నులు పెట్టుకుంది. టోపీ లేదు.

వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. కూరల సంచితో లోపలికొచ్చిన ఒకావిడ, ఎవరో ఏమిటో ఎవరికీ తెలియదు, పోస్టరు ముందు ఆగింది. పొట్టివాణ్ణి చూసి నవ్వుకుంది. పక్కకి తిరిగి మామ్మగారిని చూసింది. మళ్లీ పోస్టరు చూసింది. సంచి కింద పెట్టింది.

"ఏమండీ, ఏమనుకోకండి. ఆయన మీ నాన్నగారా?"

ఎనభై ఒక్క ఏళ్లలో ఆ మాట ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. భూతద్దం ముందుకొచ్చి ఏదో వివరించబోతే షాపక్క చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"అవునమ్మా, మా నాన్నే" అంది మామ్మగారు, గది ఆ చివరి వాళ్లకి కూడా వినపడేలా.